ఏడో నంబరు స్ప్రింగు

గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో
మా షెడ్డు నంబరు చెబితే ఎవరికీ తెలీదు.
కండె మిషన్లు చేసేవాళ్ళు అంటే
టీ కొట్టు పిల్లోడు కూడా చెయ్యి చాపి చూపిస్తాడు.

తిప్పడం పెద్ద పని కాదు.
అర హార్స్‌పవర్ మోటారు, ఒక బెల్టు, రెండు బేరింగులు,
ఏదైనా తిరుగుతుంది.
కష్టమంతా దారాన్ని అటూ ఇటూ నడిపించడంలోనే.
మొదలు నుంచి మొనకి, మొన నుంచి మొదలుకి,
నాడెలో పెట్టినాక పొరలు జారకుండా.
దానికొక క్యామ్ కావాలి.
హృదయాకారం అని డ్రాయింగులో రాసి ఉంది.
మేము రావాకు అంటాం.
ఆకురాయితో ఆ ఆకును
పదకొండుసార్లు రాసినాను నేను.

చెంగల్రాయులన్న ప్రతిసారీ నూలెక్కించి చూసేవాడు.
నలభయ్యో నంబరైతే ఓర్చుకునేది.
ఎనభై పెడితే
టప్.
ఆరు స్పిండిళ్ళు, ఆరు టప్పులు.
ఆకును పన్నెండోసారి రాయబోతుంటే
"తప్పు ఆకుది కాదు లేరా" అన్నాడు.

మరుసటి దినం ఏకాంబరకుప్పం నుంచి
దేశమ్మను రప్పించినాడు.
నలభై ఏండ్లు రాట్నం ముందర కూర్చున్న మనిషి.
పుత్తూరు మీదుగా బస్సులో వచ్చింది, ఒళ్ళో క్యారియరు.
మిషన్ చుట్టూ ఒకసారి తిరిగింది,
గుడి చుట్టూ తిరిగినట్టు కాదు,
సంతలో ఆవు చుట్టూ తిరిగినట్టు.

"ఈడ దారం ఎవురు పట్టుకోనుండారు?"

ఎవరూ పట్టుకోలేదు.
రెండు ఉక్కు బిళ్ళలు, నడుమ దారం, పైన స్ప్రింగు.

"పట్టుకోలేదు నాయనా, నొక్కతా ఉండాయి.
కండె లావయ్యేకొద్దీ నేను వదులిస్తా.
మీ బిళ్ళకేం తెలుసు?"

ఆమె చూపుడువేలి పక్కన ఒక గీత.
గాయం కాదు, పుట్టుమచ్చ కాదు, నూలు తొవ్వుకున్న దారి.
వెర్నియర్ పెట్టి కొలిచినాను. అర మిల్లీమీటరు లోతు.
సల్లగా ఉండాదే అని నవ్వింది.

మధ్యాహ్నం దాకా స్ప్రింగులు చుట్టినాను.
దారం ఆమె వేళ్ళలోనుంచి పోతా ఉంది,
ఆమె కండ్లు మూసుకోనుంది.
ఇది బిర్రు. ఇది సోమరి. ఇది పర్వాలేదు గానీ
కడాకు వచ్చేటప్పటికి కోపం చేసుకుంటుంది.
ఏడోది పెట్టినప్పుడు
ఏమీ అనకుండా చెయ్యి తీసేసింది.
దారానికి ఆ సంగతి తెలీలేదు.
పోతానే ఉంది.

అప్పుడు కావాలనే ఒక పోగు తెంపింది.
ఖాళీ స్పిండిలు గిర్రున తిరగతా ఉంటే చూసి,
"తెగితే నిలవాల.
తెగినాక తిరిగేదెందుకు, పని చేస్తుండానని చూపించేదానికా?"
అన్న పెన్సిలు తీసి అట్ట మీద ఏదో గీసుకున్నాడు.

కరెంటు పోయింది. క్యారియరు విప్పింది.
"దినానికి ఎన్ని కండెలు చుడతాది ఇది?"
అన్న చెప్పినాడు.
వేళ్ళ కణుపుల మీద లెక్కేసుకుంటా పోయి
ఒక కణుపు దగ్గర ఆగింది.
"అంటే మా వీధంతా" అనింది.
సద్దిలో వేలు కలిపి
"ఉప్పు మరిచినాను" అనింది.

ఇప్పటికి ముప్పై రెండు మిషన్లు పోయినాయి,
నగరికి, నారాయణవనానికి, వెంకటగిరికి,
నీలం రంగు ఆరీ ఆరకముందే లారీ ఎక్కి.
తెగితే నిలుస్తాయి.
ఏడో నంబరువి రెండు పంపించన్నా అని
ఫోన్లు వస్తానే ఉంటాయి.

మొన్న ఆయుధపూజకు అటక దులుపుతుంటే
ఆ నెల లెక్కల పుస్తకం దొరికింది.
బేరింగులు పన్నెండు. బెల్టు. నీలం పెయింటు.
పియానో వైరు అర కిలో. ఆటో బాడుగ.
టీలు, పద్నాలుగు.
ఆమె టీ తాగదు, నాకు గుర్తుంది.
కూలి అని ఎక్కడా లేదు.
బస్సు చార్జీ కూడా లేదు.

అన్న చేతికే ఇచ్చి ఉంటాడు.
రాయడం మరిచిపోయి ఉంటాడు.
అడుగుదామని
పుస్తకం తీసుకోని ఆఫీసు గది దాకా పోయినాను.
లోపల ఫోనులో ఎవరితోనో
స్ప్రింగు రేటు మాట్లాడతా ఉన్నాడు.

వెనక్కొచ్చి లేతు ఆన్ చేసినాను.